అందరం సరేనన్నాం

ఆ ఉదయం పద్మావతమ్మ ఉప్మాలో జీడిపప్పు వేసింది. ఆ ఇంట్లో ఉప్మాలో జీడిపప్పు పడిందంటే ఎవరో పైవాళ్ళు వస్తున్నారని అర్థం. ఇంట్లో వాళ్ళకి మట్టుకు వేరుశనగ గింజలే గతి.

"బోర్డు మీటింగుకి జీడిపప్పెందుకత్తయ్యా? ఆవిడ షుగరు మనిషి, రెండు చెంచాలు కూడా తినరు" అంది వసుధ, కాగితాలు సర్దుకుంటూ.

"తినకపోతే పోనీ. సూస్తాది గదా" అంది పద్మావతమ్మ. ఆమె లెక్క ఆమెది.

బరంపురం పెద్ద బజారులో ధర్మలింగం గారి కొట్టంటే తెలియని వాళ్ళుండరు. కింద కిరాణా హోల్‌సేలు, పైన కాపురం. ఆయన కోడలు వసుధ ఆరేళ్ళ కిందట పెరట్లో మినపప్పడాలు చేయించడం మొదలుపెట్టింది. అత్తగారి చేతి కొలత, మావగారి గోదాము, మొగుడు హేమచంద్ర పాత స్కూటరు, ఇవీ అప్పటి ఆస్తులు. మావగారి తల్లి పేరు మీద దానికి 'కూర్మమ్మ ఫుడ్స్' అని పేరు పెట్టారు. ఇప్పుడు ఊరి బయట దిగపహండి రోడ్డులో పెద్ద షెడ్డుంది. అందులో చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు అప్పడాల కర్ర పట్టుకుని జీతం తెచ్చుకుంటున్నారు. భువనేశ్వర్ దుకాణాల్లో కూర్మమ్మ బొమ్మ ఉన్న పెట్టెలు వరసగా పేర్చి ఉంటాయి. వసుధ ఎండీ, ధర్మలింగం గారు చైర్మను, హేమచంద్ర, పద్మావతమ్మ డైరెక్టర్లు.

మొన్నమొన్నటి దాకా బోర్డంటే వంటిల్లే. వసుధ ఒక మాటంటే మావగారు కాదనేవారు, హేమ మధ్యలో దూరేవాడు, పద్మావతమ్మ గరిటె ఝళిపించి ముగ్గుర్నీ తిట్టేది. గొంతులు వీధిలోకి వినిపించేవి. తెల్లారేసరికి ఏదో ఒకటి తేలేది. తేలాక సంతకాలు పెట్టేవారు. కంపెనీ పెరిగింది ఆ అరుపుల మధ్యే.

తర్వాత భువనేశ్వర్ నుంచి పెట్టుబడి వచ్చింది. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒకే ఒక షరతు అడిగారు. బోర్డులో ఇంటి మనుషులు కాని ఒకరుండాలి, అప్పుడే మాటలు నిర్మొహమాటంగా సాగుతాయి అన్నారు. అలా వచ్చారు భారతీదేవి గారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై గోపాల్‌పూర్ రోడ్డులో ఉంటున్నారు. పుట్టింది తెలుగువాళ్ళింట్లోనే అయినా ఉద్యోగమంతా ఒడియా ఊళ్ళలోనే, కోపం వస్తే ఒడియాలోకి దిగిపోతారు. మీటింగు కాగితాలు వారం ముందే అందాలని, ఏ విషయమైనా మీటింగులోనే మాట్లాడాలని ఆవిడ పద్ధతి పెట్టారు.

పద్ధతి మంచిదే. చిక్కల్లా ఆ ఇంటి అలవాటుతో వచ్చింది. కొట్లో గద్దె మీద పెద్దాయన కూర్చుని ఉండగా, పైవాళ్ళ ముందు ఆయన మాట కాదనకూడదు. ఏదున్నా లోపల చెప్పుకోవాలి. మూడు తరాలుగా ఆ కొట్టు నడిచింది అలాగే. ఇప్పుడు లోపల మాట్లాడకూడదాయె, హాల్లో పైమనిషి ఉండగా మాట్లాడలేరాయె. నిర్మొహమాటం కోసం తెచ్చిన మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేసరికి ఆ ఇంట్లో నోళ్ళు మూతపడేవి.

ఆరోజూ అదే జరిగింది. ధర్మలింగం గారు టేకు కుర్చీలో కూర్చుని కండువా సర్దుకున్నారు.

"ఏటంటే, దిగపహండి జగ్గన్న దగ్గిర మాటయిపోనాది. ఈ ఏడు మినపప్పంతా ఆడి దగ్గిరే కొంటాం. తాంబూలం కూడా పుచ్చుకున్నాను. మీరు సరేనంటే రాసుకోవడవే."

భారతీదేవి గారు కళ్ళజోడు పైకి తోశారు. "మాటయిపోయాక మమ్మల్ని అడగడమేమిటండీ? సరే, అది పక్కన పెడదాం. ఒక్కరి దగ్గరే కొంటే, వానల్లో ఆ ఒక్కరి సరుకు చెమ్మెక్కితే ఏం చేస్తాం? దసరాకి భువనేశ్వర్ ఆర్డరుంది. వసుధా, రోజూ పిండి చూసేది నువ్వు. నీ మాటేమిటి?"

వసుధ గొంతులో మాట సిద్ధంగానే ఉంది. పోయిన వానల్లో జగ్గన్న పంపిన బస్తాల్లో కొన్ని ముక్కిపోయిన వాసన వేశాయి. మావయ్య స్నేహితుడు కదా అని వాటిని చప్పుడు కాకుండా పక్కన పెట్టించింది తనే. ఆ సంగతి చెప్తే చాలు. కానీ చెప్తే, పరాయి మనిషి ముందు, తాంబూలం పుచ్చుకున్న పెద్దాయనకి తల కొట్టేసినట్టవుతుంది. ఆమె మావగారి వైపు చూసింది. ఆయన నిబ్బరంగా కూర్చుని ఉన్నారు.

"సరేనండి" అంది వసుధ.

"నాన్నగారు అన్నాక ఇంకేముంది" అన్నాడు హేమచంద్ర.

"నాకేటి తెలుస్తాది? అందరూ సరేనంటే సరే" అంది పద్మావతమ్మ, ఉప్మా పళ్ళెం భారతీదేవి గారి వైపు జరుపుతూ.

భారతీదేవి గారు పళ్ళెం ముట్టుకోలేదు. "నాకు అభ్యంతరం ఉందని రాయండి" అని మాత్రం అన్నారు. హేమచంద్ర రాశాడు. నలుగురు సరే, ఒకరు కాదు.

*

దసరా ముందు వానలు విడవకుండా కురిశాయి. జగ్గన్న పప్పు వచ్చింది, మర పట్టారు, పిండి కలిపారు. షెడ్డులో పని చూసే గౌరి పిండి సాగడం లేదని ఫోన్ చేసింది. అప్పటికి వేరే పప్పు తెప్పించే వ్యవధి లేదు, వేరే ఎవరితోనూ బేరం లేదు. మిరియం, ఇంగువ కాస్త ఎక్కువ వేసి పంపేశారు. వసుధకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అనుకున్నట్టే అయింది. నూనెలో వేస్తే అప్పడాలు పొంగకుండా ఎర్రబడుతున్నాయని, వాసనొస్తున్నాయని భువనేశ్వర్ దుకాణాల వాళ్ళు పండగ సరుకు మొత్తం లారీకెక్కించి తిప్పి పంపేశారు. ఇంకోసారి ఇలా అయితే మీ పెట్టెలు మా అరల్లో ఉండవన్నారు. ఆ అరలు పోతే షెడ్డు మూతపడుతుంది. షెడ్డు మూతపడితే గౌరి లాంటి వాళ్ళంతా ఇంటికెళ్ళాలి.

వసుధ భారతీదేవి గారింటికి వెళ్ళింది. ఆవిడ టీ ఇచ్చి, సూటిగానే మాట్లాడారు.

"నేనక్కడ ఉత్సవ విగ్రహంలా కూర్చోవడానికి రాలేదమ్మా. వచ్చే మీటింగులోగా ఏదో ఒకటి తేలకపోతే నేను తప్పుకుంటాను. నేను తప్పుకుంటే పెట్టుబడి వాళ్ళు ఊరుకోరు. వాళ్ళేమంటున్నారో తెలుసా? మీ మావగారిని దింపెయ్యమంటున్నారు. నువ్వు చెప్తావా, వాళ్ళ చేత చెప్పించమంటావా?"

"నేనే చెప్తానండి" అంది వసుధ. దారంతా ఆటోలో ఆ మాట ఎలా చెప్పాలో కూడబలుక్కుంటూనే వచ్చింది. మావయ్యా, మీ వయసు, మీ ఆరోగ్యం... ఛీ, ఆయనకేం, గుండ్రాయిలా ఉన్నారు. ఏ మాటా కుదరలేదు.

ఇంటికొచ్చేసరికి హాల్లో తిరిగొచ్చిన పెట్టెలున్నాయి. ధర్మలింగం గారు ఒకటి విప్పి, అప్పడం విరిచి వాసన చూస్తున్నారు. హేమ గోడకి చేరబడి నిలబడ్డాడు.

"ఈ పప్పు ఒక్కరోజులో ముక్కిపోయింది కాదు. జగ్గన్న గోదాంలోనే చెమ్మ తగిలినాది" అన్నారు ఆయన. "ఇంతమందిమున్నాం. ఒక్కరికీ తెలీనేదేటి?"

"తెలీకేటి?" అంది పద్మావతమ్మ, వంటింటి గుమ్మంలోంచి. ఆవిడకి పొద్దుట్నించీ ఒళ్ళు మండుతోంది. "పోయిన వానల్లోనూ ఇంతే గదా. కోడలు ఆ బస్తాలు పక్కన పెట్టించింది. పిండి సేత్తో పట్టుకుంటే నాకు తెలీదా!"

ధర్మలింగం గారు అప్పడం కింద పెట్టారు.

"నీకు తెలుసా?" భార్యనడిగారు.

"తెలుసు."

"నీకురా?"

హేమ తల దించుకున్నాడు. "తెలుసు నాన్నా."

"వసుధమ్మా, నీకు?"

"తెలుసు మావయ్యా."

"మరి ఆవేళ సరేనన్నావు."

"ఆవిడ ముందు మిమ్మల్ని కాదనలేక..."

"ఆవిడ ముందు!" ధర్మలింగం గారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతు పెద్దదవలేదు, అందుకే భయమేసింది వసుధకి. "నా ఇంటి మనుషులు ముగ్గురు. నేను గోతిలో పడతన్నానని ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ సూస్తా ఊరుకున్నారు. వద్దని సెప్పింది ఒకే ఒక్కర్తి, ఆ పరాయావిడ. అయితే నా మంచి కోరింది ఆవిడొక్కర్తేనా? ఆవిడ మీద నేను నెల్లాళ్ళు కోపం పెట్టుకున్నానే!"

"మావయ్యా, మీ మర్యాద కోసమే..."

"మర్యాదేటి తల్లీ? ముసిలోడు కదా, ఏదో అంటాడు, తల ఊపేద్దాం అనుకున్నారు. నన్ను బొమ్మని సేసి కుర్చీలో కూకోబెట్టినారు. అది మర్యాదా?"

ఆ మాట తగలరాని చోట తగిలింది. ఇన్నాళ్ళు దాచుకున్నదంతా వసుధ నోట్లోంచి వచ్చేసింది.

"నేర్పింది మీరే కదా మావయ్యా! పైవాళ్ళ ముందు నోరెత్తకూడదన్నది ఎవరు? చిన్నప్పుడు కొట్లో బేరగాళ్ళ ముందు 'కాదు నాన్నా' అన్నాడని మీ అబ్బాయితో ఎన్నాళ్ళో మాట్లాడలేదట. ఇప్పటికీ మీ కుర్చీ ముందు నిలబడితే ఆయనకి మాట పెగలదు. నేను ఈ ఇంటికొచ్చిన మొదటి నెలలోనే అత్తయ్య నాకు చెప్పిన మొదటి పాఠం అది. లోపల ఎంతైనా అరవమన్నారు, బయట మాత్రం తల ఊపమన్నారు. నేను నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను!"

అంటూనే ఏడ్చేసింది. ధర్మలింగం గారు కొడుకు వైపు చూశారు. నెరుస్తున్న జుట్టుతో నిలబడ్డ కొడుకు ఇంకా నేల చూపులే చూస్తున్నాడు. ఆయన లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట భోజనానికి రాలేదు.

*

మర్నాడు పొద్దున్నే ఆయన చొక్కా తొడుక్కుని బయల్దేరడం వసుధ చూసింది. చేతిసంచిలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు. ఎక్కడికని అడగలేదు. చెప్పులేసుకుని వెనకాలే వెళ్ళింది. దిగపహండి బస్సులో ఆయన పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చుంది. కండక్టరు వస్తే ఆయనే ఇద్దరికీ టిక్కెట్లు తీశారు.

బస్సు ఊరు దాటింది. చేలల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి.

"జగ్గన్నా నేనూ ఒక సాపమీద కూకుని యాపారం నేర్సుకున్నాం" అన్నారాయన కిటికీలోంచి చూస్తూ. "తుపానులో మన గోదాం పైకప్పు ఎగిరిపోతే, ఆడు తన బండ్లేసుకుని ఒచ్చి సరుకంతా తన ఊరు మోసుకెళ్ళి కాపాడినాడు. ఆడు తాంబూలమిస్తే ఎలా కాదంటాను సెప్పు?"

"మీరు కాదనలేరు మావయ్యా. అందుకే బోర్డు కాదనాలి. ఆ పని మేం చెయ్యలేదు."

ఆయన తల తిప్పి కోడల్ని చూశారు.

జగ్గన్న వాళ్ళని చూసి సంబరపడిపోయాడు. కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. ధర్మలింగం గారు మజ్జిగ తాగి, సంచిలోంచి తాంబూలం తీసి స్నేహితుడి ముందు పెట్టారు.

"ఇదేటి లింగం?"

"నీ తాంబూలం నీకిచ్చేస్తన్నాను. ఆ మాట నేనియ్యకూడదు. కొట్టు నాది, కొట్టు మీద మాటిస్తే నిలబెట్టుకుంటాను. కంపెనీ నా ఒక్కడిదీ కాదు. అయిదుగురం కలిసి ఇయ్యాల్సిన మాట నేనొక్కణ్ణీ ఇచ్చేసినాను. ఈ ముసలాడి నోటితొందర అనుకో."

జగ్గన్న మొహం పాలిపోయింది. "గోదాం ఓ పక్క కారతాందిరా" అన్నాడు మెల్లిగా. "నాకు తెలుసు. నువ్వు నావోడివి కదా, సర్దుకుంటావులే అనుకున్నాను. నీతో సెప్తే నామోషీ అనిపించినాది."

ధర్మలింగం గారికి నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. "అందరం ఒకటే బడిలో సదువుకున్నాం గావాల" అన్నారు.

వసుధ ముందుకి జరిగింది. "బాబాయ్ గారూ, కప్పు బాగుచేయించండి. ప్రతి బస్తా పరీక్ష చేసి, బాగుంటే తీసుకుంటాం, బాగోకపోతే తిప్పి పంపుతాం. ఇంకో ఇద్దరి దగ్గరా కొంటాం. ఇది ఇంకా నా మాటే, బోర్డు మాట కాదు. కానీ నేనడుగుతాను."

"కోడలు గట్టిదేరా" అన్నాడు జగ్గన్న.

"నేనే తెలుసుకోనేదు" అన్నారు ధర్మలింగం గారు.

*

తర్వాతి మీటింగు నాడు ఉప్మాలో వేరుశనగ గింజలే పడ్డాయి. "ఆవిడా మన మనిషే గదా ఇంక" అంది పద్మావతమ్మ. భారతీదేవి గారు మాత్రం గంభీరంగా కూర్చున్నారు. ఆవిడ సంచిలో రాజీనామా కాగితం ఉందని వసుధకి తెలుసు.

జగ్గన్నకిచ్చిన మాట వెనక్కి తీసుకున్నామని, ఇకనుంచి ముగ్గురి దగ్గర పప్పు కొందామని, షెడ్డుకి రాకముందే బస్తా పరీక్ష చేద్దామని వసుధ అడిగింది, బోర్డు ఒప్పుకుంది. అది అయ్యాక ధర్మలింగం గారు గొంతు సవరించుకున్నారు.

"ఎజెండాలో నేనొకటి రాయించినాను, ఏటన్నది మట్టుకు రాయనేదు. దానికి ముందు ఒక పద్ధతి పెడతాను. ఇంక ఈ బోర్డులో అందరికంటే సిన్నోళ్ళు ముందు మాటాడాల. నేను ఆఖర్న మాటాడతాను. నా మాట ముందు పడితే మీ నోళ్ళు మూతపడిపోతన్నాయి. ఇప్పుడు ఇసయం. నేను బోర్డులోంచి తప్పుకుంటాను. నా సోటులో సరుకు నాణ్యత తెలిసిన మనిషిని తెచ్చుకోండి. వసుధమ్మా, నువ్వే సిన్నదానివి. సెప్పు."

వసుధ కాగితాల మీంచి తలెత్తింది. ఆటోలో కూడబలుక్కోలేకపోయిన మాటను ఆయనే తన నోటితో అనేశారు. ఆమె సరేనంటే చాలు. పెట్టుబడి వాళ్ళు సంతోషిస్తారు, భారతీదేవి గారు ఉండిపోతారు, అంతా నెమ్మదిగా సర్దుకుంటుంది. ఇన్నేళ్ళుగా అలవాటైన 'సరే' పెదవి మీదకి వచ్చేసింది కూడా.

"నేనొప్పుకోను మావయ్యా" అంది.

హేమచంద్ర కలం ఆగిపోయింది.

"మీరు తప్పుకోకూడదు. జిల్లాలో ఏ ఊళ్ళో ఎవరి పప్పు ఎలాంటిదో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. తప్పయింది మీకు తెలియక కాదు, మేం చెప్పక. మీరుండాలి." ఆమె ఊపిరి తీసుకుంది. మిగిలింది చెప్పడం ఇంకా కష్టం. "కానీ చైర్మనుగా వద్దు. ఆ కుర్చీలో మీరున్నంత కాలం మాకది కొట్టులాగే ఉంటుంది. మీటింగు భారతీదేవి గారు నడపాలి. మీరు మాతో పాటు ఇటు కూర్చోండి."

ధర్మలింగం గారి మొహంలో రంగు మారింది. కానీ మాట ఇచ్చారు కదా, ఆఖర్నే మాట్లాడాలి. కొడుకు వైపు చూశారు. "నువ్వురా?"

హేమచంద్ర నేల వైపు చూశాడు. తర్వాత తల ఎత్తాడు. "నేనూ అదే అంటాను నాన్నా. కాదు నాన్నా, మీరు వెళ్ళకూడదు."

ఎన్నో ఏళ్ళ కిందట కొట్లో ఆగిపోయిన మాట అది.

"నేను తప్పుకుంటాను" అంది పద్మావతమ్మ. "సంతకం తప్ప నాకేటి తెలుసు? నాణ్యత సూసే మనిషిని నా సోటులో తెచ్చుకోండి. పిండిలో ఉప్పు, ఇంగువ మట్టుకు నన్నడక్కుండా మారిస్తే ఊరుకోను, అది కూడా రాసుకోండి."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక భారతీదేవి గారు అన్నారు, "నేనైతే తప్పుకోమనే చెప్దామని వచ్చానండి. వసుధ మాట విన్నాక నా అభిప్రాయం మార్చుకుంటున్నాను. పెట్టుబడి వాళ్ళతో నేను మాట్లాడతాను."

అందరూ పెద్దాయన వైపు తిరిగారు. ఆయన టేకు కుర్చీ చేతులు ఓసారి తడిమారు. ఆ కుర్చీ ఆయన తండ్రిది. లేచి, దాన్ని భారతీదేవి గారి వైపు తిప్పి, "కూకోండమ్మా" అన్నారు. గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీ తనే లాక్కొచ్చి కోడలికీ కొడుక్కీ మధ్య వేసుకున్నారు. కూర్చుని కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. వసుధ తుడుచుకోను కూడా లేదు, అలాగే కారనిచ్చింది.

"రాయరా హేమా" అన్నారు ధర్మలింగం గారు. "ధర్మలింగం తప్పుకుంటానన్నాడు, ఆడి మాట సెల్లనేదు అని రాయి. తేదీ కూడా ఎయ్యి."

హేమచంద్ర రాశాడు. పద్మావతమ్మ టీ పెట్టడానికి లేచింది. భారతీదేవి గారు ఉప్మా పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు.